సంతోషమ్మ ఎంచుకున్న సాఫ్టువేరు

రిటైరైన తాసీల్దారు గురించి రాస్తారు. గుడికి గోపురం కట్టించిన కాంట్రాక్టరు గురించి ఫొటోతో సహా రాస్తారు. కంటి ఆసుపత్రిలో ఇరవై నాలుగేళ్లు జనం కళ్లల్లో చుక్కలు వేసి ప్రెషరు చూసిన సంతోషమ్మ గురించి ఎవడికి కావాలి? అందుకే నేను రాస్తున్నాను. నాకు రాయడం రాదు, కోపం మాత్రం వచ్చు.

నా పేరు మురుగేష్. మాది నగరి. మా వాళ్లంతా మరమగ్గాల మీద బతికేవాళ్లు, నేనొక్కణ్ణే ఆ చప్పుడు పడక ఇవతలికి వచ్చేశాను. చిత్తూరులో డాక్టరు దామోదరం గారి కంటి ఆసుపత్రి వరండాలో కళ్లజోళ్ల అంగడి పెట్టి పంతొమ్మిదేళ్లయింది. నా అంగడికీ సంతోషమ్మ గదికీ మధ్య ఒక చెక్క తలుపే అడ్డం. ఆవిడ దగ్గితే నాకు వినిపిస్తుంది, నేను గొణిగితే ఆవిడకు వినిపిస్తుంది. నేను గొణగని రోజు లేదు కాబట్టి నా బతుకంతా ఆవిడకు తెలుసు.

ఆవిడది గుడిపాల దగ్గర పల్లె. ఇంటరు చదివి, వేలూరులో రెండేళ్లు కంటి పని నేర్చుకుని వచ్చింది. మొగుడు జయరావు స్కూలు వ్యాను తోలుతాడు. కూతురు నిస్సీ తిరుపతిలో నర్సు. డాక్టరు దగ్గరికి పోయే ముందు ప్రతి రోగీ సంతోషమ్మ ముందు కూర్చోవాలి. చూపు ఎంతుందో, కంట్లో ప్రెషరు ఎంతుందో ఆవిడ చూసి కేసుషీటు మీద రాసిస్తే, ఆ పైన డాక్టరు చూస్తాడు. మంచి మాటకారి అని చెప్పను. గడ్డం ఆనించకపోతే పెద్దాచిన్నా చూడకుండా కసిరేది. "కదిలినావంటే రేపు రమ్మంటా" అనేది. జనం భయపడేవాళ్లు, అయినా ఆవిడ చెయ్యే కావాలనేవాళ్లు.

ఆవిడకొక పద్ధతి ఉండేది. అది ఏ చదువులోనూ చెప్పింది కాదు, ఆవిడే పెట్టుకున్నది. నీటికాసుల జబ్బు ఉన్నవాళ్ల ఫైలు అట్ట లోపలి వైపు ఎర్ర సిరాతో రెండు నిలువు వరసలు గీసేది, కుడి కంటికొకటి, ఎడమ కంటికొకటి. వచ్చిన ప్రతిసారీ ప్రెషరు అంకె కింద కింద రాసుకుంటూ పోయేది. పైన ఒక గడి కట్టి, ఆ మనిషికి డాక్టరు చెప్పిన హద్దు అందులో వేసేది. ఈ హద్దు సంగతి తెలియకపోతే మిగతా కథ తెలియదు గనక చెబుతున్నాను. నీటికాసులంటే కంట్లో ప్రెషరు పెరిగి నరం ఎండిపోయే జబ్బు. పోయిన చూపు మళ్లీ రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే. మామూలు కంటికి ఇరవై ఒకటి దాకా పర్వాలేదు. నరం ముప్పాతిక ఎండిపోయిన కంటికి పదహారు కూడా విషమే. ఒక్కో మనిషికి ఒక్కో హద్దు. డాక్టరు గారు అట్ట తెరిచి ఆ వరస మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపితే చాలు, పదేళ్ల కథ అర నిమిషంలో తెలిసిపోయేది.

మునిచంద్ర హద్దు పన్నెండు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో బెల్టు మీద పోయే కాయల్లోంచి కుళ్లినవి ఏరేసే పని ఆయనది. ఇక్కడికి వచ్చేనాటికే ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంట్లో గొట్టంలోంచి చూసినంత చూపు మిగిలింది. ఆ కాస్త చూపుతోనే పదకొండేళ్లు కాయలు ఏరాడు, కూతురి పెళ్లి చేశాడు. మూడు నెలలకోసారి తప్పకుండా వచ్చి "అక్కా, నా నంబరు ఎంతకొచ్చింది?" అనేవాడు. పదకొండు అంటే ముఖం విప్పారేది. పదమూడు అన్నదంటే, "మందు మానేసినావు గదా, నిజం సెప్పు" అని ఆవిడ మొదలుపెట్టేది, ఆయన తల వంచుకునేవాడు.

ఇట్లా నడుస్తున్న ఆసుపత్రికి డాక్టరు గారి కూతురు పూజిత పెద్ద చదువు ముగించుకుని వచ్చింది. వస్తూనే కాగితాలన్నీ కంప్యూటరుకెక్కాలంది. తప్పేం లేదు, నేను పాతకాలపు మనిషిని కాను. ఆరోగ్య పథకం బిల్లులు ఆన్‌లైన్లో పంపకపోతే డబ్బు రాదు, ఇన్సూరెన్సు వాళ్లు కాగితం ముట్టరు, ఫైళ్లకు చెదలు పడుతున్నాయి. కంటి ఆసుపత్రులకని ప్రత్యేకంగా రాసిన సాఫ్టువేర్లు అమ్మే కంపెనీలు మూడింటిని పిలిచింది. "రోజంతా నొక్కాల్సింది మీరే కదా ఆంటీ, మీరే ఎంచండి" అంది సంతోషమ్మతో. ఆ పిల్ల చిన్నప్పుడు ఈ వరండాలోనే సైకిలు తొక్కింది, అందుకని ఆంటీ. ఆవిడ మాత్రం పాపా అనే పిలుపు మానేసి మేడమ్ అంటోంది.

సంతోషమ్మ ఎట్లా ఎంచిందో చెప్పాలి. చూసి తీరాల్సిన ముచ్చట. మునిచంద్ర ఫైలు చంకన పెట్టుకుని పోయి, వచ్చినవాడి ముందు ధభీమని పడేసి, "ఈయన పదకొండేళ్ల ప్రెషరు ఒక్క పేజీలో సూపించు" అనేది. అంతే పరీక్ష. మొదటివాడు హైదరాబాదు నుంచి వచ్చాడు. వాడి దాంట్లో తొమ్మిది సార్లు నొక్కితే మూడేళ్లవి వచ్చాయి, మిగతావి ఇంకో కిటికీలోనట. "కిటికీలు తెరిచి మూసేదానికి నాకు ఇంకో మనిషి కావాల" అని లేచి వచ్చేసింది.

రెండోవాడు చెన్నై. రంగురంగుల కళ్ల బొమ్మలు చూపించాడు. నాకు కూడా నోరు ఊరింది. సంతోషమ్మ ఒక్క నిమిషం చూసి, "ఎదురుగా కూసున్న మనిషి కుడి కన్ను నాకు ఏ పక్క కనపడతాది నాయనా?" అని అడిగింది. వాడు చేతులు తిప్పుకుని చూసుకుని, ఎడమ పక్క అన్నాడు. "మేము కేసుషీట్లో అట్లనే రాస్తాము. నువ్వేమో ఆ పక్క ఎడమ కన్ను పెట్టినావు. అలవాటులో నేనొక పొద్దు తారుమారు రాస్తే ఆపరేషను ఎవరికి జేస్తారు, నీకా?" వాడు మార్చి ఇస్తామన్నాడు. "మార్చినాక రా" అంది.

మూడో కంపెనీ పేరు చెప్పను, నా అంగడి మీదికి నోటీసు వస్తుంది. తిరుపతి నుంచి ధరణి అనే అమ్మాయి వచ్చింది. టై లేదు, కోటు లేదు. స్టూలు లాక్కుని ఫైలు అట్ట తెరిచి ఎర్ర వరసలు చాలాసేపు చూసింది. "ఇది బలే ఉండాదక్కా" అని, తన కంప్యూటర్లో ఆ అంకెలన్నీ ఎక్కించి ఒక మీట నొక్కింది. కొండ గీసినట్టు పదకొండేళ్ల గీత వచ్చింది. దాని మీద అడ్డంగా ఎర్ర గీత, పన్నెండు దగ్గర. "ఈ హద్దు దాటితే స్క్రీను ఎర్రగా మెరుస్తాదక్కా" అంది. సంతోషమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తలుపు సందులోంచి నేను చూశాను. ఇరవై నాలుగేళ్లు తనొక్కతే గీసుకున్న గీతకు ఇంకెవరో విలువ ఇచ్చారు, ఆ సంతోషం. "ఇదే తీసుకోండి మేడమ్" అంది. డాక్టరు గారు కూడా ఆవిడ మాటే ఖాయం చేశాడు.

నెల రోజులు ట్రయలు వాడి చూడమన్నారు. ఇక్కడే మా బుర్రలు పని చెయ్యలేదు. మా ఊళ్లల్లో వాడి చూడమంటే అర్థం వేరు. వాయిదాలవాడు మిక్సీ తెచ్చి ఇంట్లో పెట్టి, వారం వాడుకోమ్మా, నచ్చితే ఉంచుకో అంటాడు. నచ్చితే ఆ మిక్సీనే ఉంచుకుంటాం. కొత్తది తెచ్చి, పాతదాంట్లో రుబ్బిన పిండి ఎవడైనా పారబోస్తాడా? ట్రయలు బాగుంది, కొంటున్నారు, ఇంకేముంది, మొదలుపెట్టేద్దామని సంతోషమ్మ కూర్చుంది. నీటికాసుల వాళ్లు నూట అరవై నలుగురు. మధ్యాహ్నం డాక్టరు గారు భోజనానికి ఇంటికి పోయి నాలుగింటికి వస్తాడు. ఆ రెండున్నర గంటలూ ఆవిడ ఎక్కించేది, నేను అంగడి వదిలేసి పక్కన కూర్చుని ఫైలు చూసి చదివేవాణ్ణి. "కుడి పద్నాలుగు. ఎడమ పదహారు. హద్దు పదిహేను." ఎక్కించిన ఫైలు మీద నీలం టిక్కు పెట్టేది. నాలుగు వారాల్లో ముగించాం. ఆఖరి రోజు ఆవిడ రాగి ముద్ద, శెనిగ్గింజల ఊరుబిండి పచ్చడి కట్టుకొచ్చింది, ఇద్దరం తిన్నాం. ఒక మంచి పని చేశామని పొంగిపోయాం. ఛీ, తలుచుకుంటే నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపిస్తుంది.

ఒప్పందం మీద సంతకాలు పెట్టిన రోజు సంతోషమ్మను పిలవలేదు. ఎంచడానికి పిలిచారు, కొనడానికి పిలవలేదు. అందులో రెండు రకాల ప్యాకేజీలున్నాయట. గీతలు, హద్దులు, ఎర్రగా మెరవడం ఇవన్నీ పై రకంలో. పూజిత మేడం కింది రకం తీసుకుంది. పథకం బిల్లులకు అది చాలు, మిగతాది వచ్చే ఏడు చూద్దాంలే అనుకుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. సంతోషమ్మకు ఒక్క మాట చెప్పలేదు. దాచి చెప్పలేదని కాదు, చెప్పాలని తోచలేదు. నాకు ఆ రెండోదే ఎక్కువ మంట.

అదే వారం ఫైళ్ల గది ఖాళీ చేయించారు. కంటి నరాన్ని ఫొటో తీసే కొత్త మిషను వస్తోంది, దానికి గది కావాలి. మేడం చాలా జాగ్రత్తగానే అడిగింది. "ఏవి ఎక్కించారు, ఏవి ఎక్కించలేదు ఆంటీ?"

"నీటికాసులవి అన్నీ ఎక్కించేసినాము మేడమ్. టిక్కు పెట్టుండాయి. కండ్ల కలకవి, అద్దాలవి ఇంకా పెట్టలా."

"అయితే టిక్కు పెట్టినవి పంపించేద్దాం. పెట్టనివి మేడ మీద ఉంచుదాం."

సంతోషమ్మ సరేనంది. కాగితం మీద సంతకం కూడా పెట్టింది. నూట అరవై నాలుగు ఫైళ్లూ అట్టలతో సహా ఆటోలో వేసి పంపాం. కాగితాల మిల్లులో నానబెట్టి గుజ్జు చేసేస్తారట. ఆటోకి తాడు కట్టింది నేనే. కళ్ల కలక వచ్చి వారంలో పోయినవాళ్ల కాగితాలు ఈ రోజుకీ మేడ మీద భద్రంగా ఉన్నాయి. ప్రాణం పెట్టి ఎక్కించినవే పోయాయి.

సోమవారం అసలు సాఫ్టువేరు మొదలైంది. డాక్టరు గారు కొబ్బరికాయ కొట్టాడు. సంతోషమ్మ మొదటి నీటికాసుల రోగి పేరు కొట్టింది. కౌంటర్లో వేరేగా ఎక్కించిన పేరు వచ్చింది, ఫోను నంబరు వచ్చింది, కింద ప్రెషరు గడులన్నీ ఖాళీ. ఇంకొకరిది కొట్టింది. ఖాళీ. మునిచంద్రది కొట్టింది. ఖాళీ. తలుపు తోసుకుని నా దగ్గరికి వచ్చి, "మురుగేశా, మనం ఎక్కించిందంతా యాడికి పాయ?" అంది. నేను ధరణికి ఫోను చేసి ఇచ్చాను.

"అక్కా, అది డెమో కదక్కా. నేర్చుకునేదానికి ఇస్తాము. నెలకి దానంతట అదే తుడిచేస్తాది. స్క్రీను మీద రాసి ఉంటాది కదక్కా."

రాసి ఉందట. కింద మూలన, చీమ తలకాయంత ఇంగ్లీషులో. ఎదుటివాడికి ఆఖరి వరస అక్షరాలు కనిపించలేదని కసిరే మనిషికి, కళ్లజోళ్లు అమ్ముకునే నాకు, ఇద్దరికీ కనిపించలేదు. ధరణి పాపం ఏడుపు గొంతుతో కంపెనీలో అడిగి చూసింది. తుడిచింది తుడిచినట్టే. మరి ఎర్ర గీత ఏదని సంతోషమ్మ అడిగితే, అది పై ప్యాకేజీలో అని అప్పుడు బయటపడింది. సంతోషమ్మ ఆ రోజు ఎవర్నీ కసరలేదు. రోగులంతా అయిపోయాక గదిలో కూర్చుని ఏడ్చింది. నాకు వినిపించింది, తలుపు తియ్యలేకపోయాను.

పెద్ద డాక్టరు గారు తల పట్టుకున్నాడు. "అయిందేదో అయింది. వచ్చినవాళ్ల దగ్గర పాత చీటీలుంటాయి, అడిగి ఎక్కించు" అన్నాడు. చేతులు కాలాక ఆకులు. పదిమందిలో ముగ్గురు తెచ్చారు. తక్కినవాళ్లకు డాక్టరు గారు నరం చూసి మళ్లీ హద్దు చెబితే, రిమార్కులనే మూలలో టైపు చేసేది. మునిచంద్రది రాసిపెట్టుకోమని నేనే చెప్పాను. "ఆయనది రాసుకోవాల్నా? నా పేరు నేను మరిచిపోతానా?" అంది.

మునిచంద్ర మామిడి సీజను మూడు నెలలూ రాలేదు. సీజన్లో సెలవిస్తే పని పోతుంది. ఆగస్టులో వచ్చాడు. అప్పటికి సంతోషమ్మ చెయ్యి కంప్యూటరుకు అలవాటు పడింది. ప్రెషరు చూడటం, అంకె కొట్టడం, మీట నొక్కడం. ఇరవై ఒకటి లోపలుంటే పక్కన ఆకుపచ్చ చుక్క వస్తుంది, దాటితే ఎర్రది. ఆ రోజు తొంభై నాలుగు మంది. పూజిత మేడం చూస్తోంది, పెద్దాయనకు మోకాళ్ల నొప్పి, ఇంట్లో ఉన్నాడు. అంకె పైకి అనడం సంతోషమ్మ అలవాటు. తలుపు ఇవతల నాకు బాగా గుర్తు, "పద్దెనిమిది" అంది. ఆకుపచ్చ వచ్చింది. తరువాతి మనిషిని పిలిచింది. మేడం కూడా ఆకుపచ్చ చూసి, కొత్త మిషను ఫొటో ఖర్చు ఎందుకులే పేదవాడికి అని దయ తలచి, "బాగుంది, అదే మందు వాడండి, ఆరు నెలలకు రండి" అంది. మునిచంద్ర సంతోషంగా పోయాడు. పద్దెనిమిది ఆయనా విన్నాడు, అయినా డాక్టరమ్మే బాగుందంది కదా.

ఆయన హద్దు పన్నెండని సంతోషమ్మకు తెలుసు. నాకూ తెలుసు, ఆ ఫైలు గట్టిగా చదివినవాణ్ణి నేనే. ఆ పద్దెనిమిది నా చెవిన పడింది కూడా. ఎవరికో ఫ్రేముకు మర బిగిస్తున్నాను, బిగిస్తూనే ఉన్నాను. తిలాపాపం తలా పిడికెడు.

ఫిబ్రవరిలో వచ్చాడు. ముందు భార్య చౌడేశ్వరి నడుస్తోంది, ఆవిడ భుజం మీద చెయ్యేసి ఆయన. నా అంగడి మెట్టు తన్నుకుని తూలాడు. పదకొండేళ్లుగా ఎక్కిన మెట్టు. నెల క్రితమే ఫ్యాక్టరీ బెల్టు మీంచి తీసేశారట, మామిడి లేనప్పుడు నడిచే జామకాయల్లో కుళ్లినవి పోనిస్తున్నాడని. సంతోషమ్మ అక్షరాల పలక ముందు కూర్చోబెట్టింది. పై వరసలో ఉన్న పెద్ద అక్షరం కూడా చెప్పలేకపోయాడు. ముఖం ముందు చెయ్యి ఊపితే నీడ కదిలినట్టుందన్నాడు. ప్రెషరు చూసింది. పంతొమ్మిది. పక్కన ఆకుపచ్చ చుక్క.

ఆవిడ చేతులు అప్పుడు ఆగాయి. లేచి మేడం గదిలోకి పోయింది. లోపల ఏం జరిగిందో తర్వాత నాకు చెప్పింది. ఆయన హద్దు పన్నెండని ఆవిడ చెబితే మేడం ఆగస్టు అంకె తెరిచి చూసిందట. పెద్దాయనకు ఫోను చేసిందట. ఇంకో చుక్కల మందు రాసి, లేజరు చేద్దామంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఆంటీ, నీటికాసులు అంతే, ఎంత చేసినా కొందరికి ఆగదు. వాళ్లకి అలాగే చెప్పండి. ఫైళ్లు పంపమని సంతకం పెట్టింది మీరే, మీకే ఇబ్బంది" అంది. బెదిరింపు కాదట, మంచికే చెప్పిందట. నాకు ఒళ్లు మండిపోయింది. మంచికి చెప్పేవాళ్ల చేతుల్లోనే ఈ దేశంలో సగం పాపాలు జరుగుతాయి.

సంతోషమ్మ బయటికి వచ్చింది. వరండాలో నా అంగడి పక్క బెంచీ మీద వాళ్లిద్దరూ కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు నేల మీద కూర్చుంది. కుర్చీ వేస్తానంటే వద్దంది. మిక్సీ లెక్కన ట్రయల్లో ఎక్కించిన సంగతి, పోయిన ఫైళ్లు, కొనని ఎర్ర గీత, అన్నీ చెప్పింది. ఒక్కటి కూడా ఎవరి మీదికీ తొయ్యలేదు. ఆఖర్న ఆగస్టు సంగతి చెప్పింది.

మునిచంద్ర బెంచీ అంచు తడుముకుని ముందుకు జరిగాడు. తర్వాత, "పన్నెండు దాటకూడదని నువ్వే గదక్కా నాకు సెప్పింది?" అన్నాడు.

"నేనే."

"ఆ పొద్దు పద్దెనిమిది సూసింది?"

"నేనే సూసినా. రాసుంటే తెల్సిపోయేది. ఆ వరసలో పద్దెనిమిది రాసేటప్పుడు పైన పదకొండు, పది, పన్నెండు కనపడేవి, చెయ్యి ఆగిపొయ్యేది. నొక్కినా. ఆకుపచ్చ వచ్చింది. ఇంకొకర్ని పిలిచినా."

చౌడేశ్వరి లేచి నిలబడింది. "నీ చేతులిరగ! మా ఇంటికి ఉండేదే ఒక కన్ను, అది గూడా పీకేసినావే తల్లీ! నువ్వు సూస్తాండావులే అని నేను గుండెల మీద చెయ్యేసుకుని పండుకున్నానే!" అని శోకాలు తీసింది. వరండాలో జనమంతా చూశారు. మేడం గది తలుపు మూసుకుంది. సంతోషమ్మ కదల్లేదు, పడాల్సిన తిట్లన్నీ అక్కడే కూర్చుని పడింది. నేను మధ్యలోకి పోయి, ఫైలు చదివింది నేనేనమ్మా, నన్నూ తిట్టు అన్నాను. నన్ను తిట్టడం కూడా దండగ అన్నట్టు చూసింది. నిజమే, నన్ను నమ్ముకుని ఎవరు వచ్చారు గనక?

ఆ తర్వాత కంపెనీ వాళ్లు ఉత్తరం పంపారు. తప్పు వాడుకున్నవాళ్లదేనట, వాళ్ల ఒప్పందం నాలుగో పేజీలో రాసి ఉందట. మేడం పై ప్యాకేజీ కొంది. ఇప్పుడు గీత వస్తుంది, ఎర్రగా మెరుస్తుంది, చూసినవాళ్లంతా మెచ్చుకుంటున్నారు. మునిచంద్ర గీత మాత్రం ఆగస్టు నుంచే మొదలవుతుంది. పదకొండేళ్లు ఆ కన్ను నిలబడిందని దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు.

సంతోషమ్మ రాజీనామా రాసింది. నిస్సీ తిరుపతిలో తను పనిచేసే చోటే మందుల గదిలో పని చూసింది, కళ్ల జోలికి పోనక్కర్లేని పని. ఇంకో వారం ఉంది పోవడానికి. నేను కూడా పోవద్దక్కా అనలేదు. ఎట్లా అనేది? ఆవిడ అన్నం సగం తిని డబ్బా మూసేసేది. కొత్తగా చేరిన పిల్లకు మిషను పని నేర్పుతూ, "అంకె పైకి అను, వెనకది చూడు, పైకి అను, వెనకది చూడు" అని ఒకటే పాట.

ఆ వారంలోనే మునిచంద్ర వచ్చాడు. లేజరు అయ్యాక ప్రెషరు చూపించుకోవాలి. కొత్త పిల్ల పేరు పిలిచింది. ఆయన కుర్చీలో కూర్చుని, గొంతు కొత్తదని పసిగట్టి గడ్డం ఆనించలేదు. "ఆయమ్మ యాడ?" అన్నాడు. ఆయమ్మ పోతా ఉండాది, తిరుపతికి, అని ఆ పిల్ల చెప్పింది. "పిలువు" అన్నాడు. సంతోషమ్మ వెనక గదిలోంచి వచ్చి గోడ పక్కన నిలబడింది. తలుపు తెరిచే ఉంది. నేను చేతిలో పని పెట్టేశాను.

"వచ్చినావా?" అన్నాడు.

"వచ్చినా."

"నిన్ను మన్నించినాననుకోవాకు. మన్నించలా. సచ్చేదాకా మన్నించను. అయితే ఈ ఆస్పత్రిలో తప్పు నాది అన్నది నువ్వొక్కదానివే. మిగతా వాళ్లందరికీ నా కన్ను దానంతట అదే పోయింది. ఈ మిగిలిన రవ్వంత వెలుతురు వాళ్ల చేతుల్లో ఎట్ల పెడతా? నువ్వు యాడికీ పోవద్దు. నేనుండేదాకా నువ్వే సూడాల."

సంతోషమ్మ కొత్త పిల్లను పక్కకు జరగమని సైగ చేసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. చుక్కలు వేసింది. ఆయన గడ్డం ఆనించాడు. మిషను దగ్గరికి జరిపింది.

"పదకొండు" అంది.

"మళ్లా సూడు" అన్నాడు.

చూసింది. "పదకొండు."

"మళ్లా సూడు."

మూడోసారి చూసే ముందు ఆవిడ మిషను పూర్తిగా వెనక్కి లాగింది. రెండు చేతులతో పట్టుకుని మళ్లీ సరిగా పెట్టుకుంది. ఆయన రెప్ప ఆడించకుండా కూర్చున్నాడు. ఆవిడ అంకె చెప్పింది. ఆయన మళ్లా సూడు అన్నాడు.